పేపరు చదివినవాళ్లు, విన్నవాళ్లు

కోటబొమ్మాళిలో ఒక మావయ్య, ఒక మేనకోడలు. ఆయన హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మాస్టారు. ఆమె ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీలో పీజీ చదువుతోంది. ఆగస్టు పదిహేనుకి ఊళ్లో పిల్లల ముందు మాట్లాడమని పిలిస్తే ప్రసంగం రాసుకుంది. విషయం: స్వాతంత్ర్యోద్యమంలో పత్రికలు, విద్యార్థి సంఘాలు. మావయ్య అదంతా చదివి, ఒప్పుకోనన్నాడు. ఆ తర్వాత ఇద్దరి మధ్యా నడిచిన వాదన ఇది.

మావయ్య: బాగానే రాసావమ్మా. మొదటి వాక్యం దగ్గరే నాకు మింగుడు పడలేదు. "స్వాతంత్ర్యం తెచ్చింది పత్రికలూ విద్యార్థులూ" అంటావేటి? 1931 జనాభా లెక్కలు చూడు. దేశం మొత్తమ్మీద చదవడం, రాయడం వచ్చినవాళ్లు నూటికి పది మంది కూడా లేరు. అందులో మనమెక్కడ? అప్పట్లో మనది గంజాం జిల్లా. 1936లో ఒడిశా విడిపోయాక విశాఖపట్నం జిల్లాలో పడ్డాం. 1950లో గానీ శ్రీకాకుళం జిల్లా రాలేదు. ఏ జిల్లాలో ఉన్నా మనం చివరి ఊళ్లమే. కాలేజీ అంటే పర్లాకిమిడి పోవాలి, బరంపురం పోవాలి, లేదా విజయనగరం పోవాలి. పేపరంటే మద్రాసులో అచ్చయి రైలెక్కి రావాలి. చదువు రాని జనానికి పేపరేం చెప్తుంది? కాలేజీయే లేని పల్లెలో విద్యార్థి సంఘం ఏం చేస్తుంది?

మేనకోడలు: మీ లెక్క నిజమే మావయ్యా. మరి చదివేవాళ్లు అంత తక్కువైతే తెల్లదొరలకి పేపరంటే అంత బెంగెందుకు? 1878లో మన భాషల పత్రికల కోసమే ఒక చట్టం చేశారు. ఇంగ్లీషు పత్రికల జోలికి పోలేదు. 1910 చట్టం ఇంకా గట్టిది. కొత్తగా ప్రెస్సు పెట్టేవాడు 500 నుంచి 2,000 రూపాయల దాకా ధరావతు కట్టాలి. అచ్చేసింది సర్కారుకి నచ్చకపోతే ఆ సొమ్ము జప్తు. మళ్లీ ప్రెస్సు తెరవాలంటే ఈసారి 1,000 నుంచి 10,000 దాకా. రెండోసారి తప్పు పడితే సొమ్ముతో పాటు ప్రెస్సు కూడా పోతుంది. ఆ రోజుల్లో పదివేలంటే ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు. నూటికి పది మంది చదివే కాగితం కోసం ఇంత చట్టం ఎవడైనా చేస్తాడా?

మావయ్య: పట్నాల కోసం చేశాడు. వకీళ్లు, గుమాస్తాలు, మాస్టర్లు చదువుతారని చేశాడు.

మేనకోడలు: వాళ్లతో ఆగిపోతే భయం ఉండేది కాదు. ఊరికి ఒక్క కాగితం వచ్చినా చాలు, అరుగు మీద కూర్చుని చదువుకున్న కుర్రాడొకడు గట్టిగా చదివేవాడు. వినేవాళ్లు మధ్యలో ఆపి "ఆ ముక్క మళ్లీ చదువు" అనేవారు. అర్థం కాని చోట వాడే సొంత మాటల్లో చెప్పేవాడు. అక్కడ విన్నది మర్నాడు చేలో ఊసయ్యేది, వారం తిరిగేసరికి సంతలో ఊసయ్యేది. పేపరు కొన్నవాళ్ల లెక్క వేరు, విన్నవాళ్ల లెక్క వేరు. సర్కారు బెంగంతా రెండో లెక్కతోనే. ఆ అరుగు మీద చదివిన కుర్రాడినే నేను విద్యార్థి అంటున్నాను. సంఘం, జెండా, చందా రసీదు తర్వాత వచ్చాయి.

మావయ్య: ఆ కుర్రాడెవరు? కరణం గారబ్బాయో, షావుకారు కొడుకో. వాడికి నచ్చింది చదువుతాడు, నచ్చంది దాటేస్తాడు. జమీందారు మీద ఒక్క ముక్క ఉంటే మింగేస్తాడు. పైగా ఆనాటి పేపర్ల భాష చూసావా? గ్రంథ భాష. చదివి వినిపించినా మన రైతుకి సగం అందదు. ఆ భాష జనానికి దూరమైపోయిందని పర్లాకిమిడిలో కూర్చుని గిడుగు రామమూర్తి పంతులు గారు ఒక జీవితకాలం పోరాడాల్సి వచ్చింది.

మేనకోడలు: ఆ పోరాటం ఆయన దేనితో చేశారు? 1919లో పర్లాకిమిడి నుంచి "తెలుగు" అని మాసపత్రిక పెట్టి చేశారు. పత్రికల భాష బాగాలేదని చెప్పడానికీ పత్రికే కావలసి వచ్చింది.

మావయ్య: సరే, అది నీకే వదిలేస్తాను. ఉద్యమం ఊసుకి రా. విద్యార్థులు, పత్రికలు అని నువ్వు చెప్పినవన్నీ గోదావరి, కృష్ణా జిల్లాల కథలు. 1907లో బెంగాల్ నాయకుడు బిపిన్ చంద్రపాల్ వచ్చాడు, రాజమండ్రిలో మాట్లాడాడు, కాలేజీ కుర్రాళ్లు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నారు, ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ వాళ్లని గెంటేశాడు. బానే ఉంది. మన రైతుకి దాంతో ఏం సంబంధం?

మేనకోడలు: గెంటేసిన తర్వాత ఏమైందో కూడా చూడండి. అలా చదువు పోయినవాళ్లలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారొకరు. కర్నూలు మనిషి, ట్రైనింగ్ కాలేజీలో చదువుతున్నారు. సర్కారు నౌకరీకి దారి మూసుకుపోయింది. మరుసటి ఏడు, 1908లో, బెజవాడలో "స్వరాజ్య" పత్రిక నడిపారు. తిరునెల్వేలిలో జనం మీద కాల్పులు జరిగితే సంపాదకీయం రాశారు. రాజద్రోహం అని మూడేళ్లు కఠిన శిక్ష వేశారు, వేలూరు జైల్లో పెట్టారు. రెండేళ్లు తిరక్కుండా కాలేజీ కుర్రాడు సంపాదకుడయ్యాడు, సంపాదకుడు ఖైదీ అయ్యాడు. కర్నూల్లో పుట్టి, రాజమండ్రిలో చదివి, బెజవాడలో అచ్చేసి, తమిళ దేశంలో పడిన తూటాల కోసం జైలుకి పోయాడు. ఎక్కడో తగిలిన దెబ్బ తనదనుకోవడం జనానికి అలా నేర్పారు. నేను పత్రికలకీ విద్యార్థులకీ ఇచ్చే మొదటి మార్కు అదే.

మావయ్య: గొప్ప మనిషే. దండం పెడతాను. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది. మన మట్టిలో చూపించు.

మేనకోడలు: నరసన్నపేట ఎంత దూరం మావయ్యా ఇక్కడికి?

మావయ్య: నాకు తెలుసు నువ్వెవరి పేరు చెప్తావో. గరిమెళ్ల సత్యనారాయణ గారి పేరు. ఆయన్ని నేనే చెప్దామనుకున్నాను, నా వాదానికి. నరసన్నపేట దగ్గర గోనెపాడులో 1893లో పుట్టాడు. "మాకొద్దీ తెల్లదొరతనము" పాట కట్టాడు. ఆ పాట బతికింది పేపర్లోనా? జనం నోట్లో బతికింది. పేపర్లు జప్తు చేశారు, ప్రెస్సులకి తాళాలేశారు. గొంతుకి తాళం వెయ్యగలిగారా? అక్షరం ముక్క రానివాళ్లు పాడుకున్నారు. నా మాట అదేనమ్మా. ఉద్యమం అచ్చులో లేదు, నోట్లో ఉంది.

మేనకోడలు: నోట్లోకి వచ్చే ముందు ఎక్కడుందో చెప్పండి. ఆయన బి.ఏ. చదివిన మనిషి. గంజాం కలెక్టరాఫీసులో గుమాస్తాగా, విజయనగరంలో టీచరుగా పనిచేశారు. రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీలో చదువుతూ గాంధీగారు సహాయ నిరాకరణకి పిలుపిస్తే చదువు వదిలేసి బయటికొచ్చారు. అంటే విద్యార్థి. పాట కట్టారు, అది అచ్చయి ఊరూరా కాగితాలుగా తిరిగింది. అంటే ముద్రణ. తర్వాత జనం పాడుకున్నారు. అది మీ మాట. మూడూ ఒక్క మనిషిలో, ఒక్క పాటలో ఉన్నాయి. గోదావరి కలెక్టరు బ్రాకెన్ ఆయన్ని పిలిపించి పాట పాడించుకుని విన్నాడని, తెలుగు రాకపోయినా ఆ పాట బలం తెలుస్తోందని అన్నాడని చెబుతారు. శిక్ష మాత్రం తగ్గలేదు. 1922లో జైలుకి పంపారు. విడుదలై వచ్చి మళ్లీ పాడారు, మళ్లీ జైలుకి పోయారు.

మావయ్య: చివరి రోజులు కూడా చెప్పు మరి.

మేనకోడలు: చెప్తాను. మద్రాసులో పత్రికల్లో పనిచేశారు. "గృహలక్ష్మి"లో, "వాహిని"లో, ఇంకా కొన్నిట్లో. ఏదీ నిలకడగా అన్నం పెట్టలేదు. స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకి, 1952 డిసెంబర్లో, పేదరికంలోనే పోయారు.

మావయ్య: అక్కడే నాకు మండుతుంది. ఆయన పాట పాడుకున్నవాళ్లు మంత్రులయ్యారు. ఆయన చేత రాయించుకున్న పత్రికలు పెద్దవయ్యాయి. పాట కట్టినవాడికి పూట గడవలేదు. ఉద్యమాన్ని నడిపించాం అని చెప్పుకునే పత్రిక, తన గొంతైన మనిషిని ఎలా చూసిందో కూడా చెప్పుకోవాలి.

మేనకోడలు: ఆ మాట నా ప్రసంగంలో లేదు. చేరుస్తాను.

మావయ్య: ఇంకోటి కూడా చేర్చు. చదువులు మానండి అన్న పిలుపు ఎవరికి ఎంత పడింది? వకీలు కొడుకు ఏడాది బడి మానితే ఇంట్లో పుస్తకాలున్నాయి, చెప్పేవాళ్లున్నారు. ఉద్యమం చల్లారాక మళ్లీ చేరాడు, డిగ్రీ పుచ్చుకున్నాడు. వంశంలో మొదటిసారి పలక పట్టిన రైతు బిడ్డ మానేస్తే మళ్లీ నాగలి దగ్గరికే. జాతీయ విద్య అన్నారు. బందరులో 1910లోనే ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు, నిజమే. బందరు ఎక్కడ, టెక్కలి ఎక్కడ? మన పిల్లడు మానేసిన బడికి బదులుగా మనకి ఏ బడి చూపించారు?

మేనకోడలు: దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు మావయ్యా. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆ పిలుపు విని నష్టపోయినవాళ్లలో కొందరు నష్టం దగ్గర ఆగిపోలేదు. బారువ గౌతు లచ్చన్న గారిని చూడండి. మెట్రిక్ చదువుతున్న వయసులో 1930లో ఉప్పు సత్యాగ్రహంలోకి దూకారు. బారువ సముద్రం నీళ్లతో ఉప్పు చేసి అమ్మారు, విదేశీ గుడ్డలు తగలబెట్టారు. పలాసలో పట్టుకున్నారు. టెక్కలి సబ్ జైలు, నరసన్నపేట సబ్ జైలు, తర్వాత బరంపురం జైలు. కల్లుగీత కుటుంబంలో పుట్టిన కుర్రాడు. చదువు పోయింది, కానీ ఈ జిల్లాలో కూలి, రైతు, గీత కార్మికుడు ఎవడికి కష్టమొచ్చినా ఆయన గడప తొక్కే రోజు వచ్చింది. అదే 1930లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు సర్కారు దమనకాండకి నిరసనగా రాజీనామా చేశారు. చదువు చెప్పే పెద్దలే కుర్చీ వదిలేసిన రోజులవి.

మావయ్య: లచ్చన్నగారి ఊసెత్తావు కాబట్టి ఉప్పు ఊసు చెప్తాను. నౌపడ ఉప్పు మడులు మనకి ఆమడ దూరంలో ఉన్నాయి. ఉప్పు మీద పన్ను అన్యాయమని మన వాళ్లకి పేపరు చదివి చెప్పాలా? కళ్ల ముందు తెల్లగా కుప్పలు పోసి ఉన్న ఉప్పుని ముట్టుకుంటే నేరం. అంతకంటే పాఠం ఏటి కావాలి?

మేనకోడలు: అన్యాయమని తెలియడం వేరు, దాన్ని ఎదిరించొచ్చు అని తెలియడం వేరు. నౌపడ మడుల పక్కన మనవాళ్లు తరాలుగా ఉన్నారు. 1929లో ఎందుకు ముట్టుకోలేదు, 1930లో ఎందుకు ముట్టుకున్నారు? ఏప్రిల్ 6న దండి దగ్గర ఒక ముసలాయన పిడికెడు ఉప్పు తీశాడన్న కబురు వచ్చింది కాబట్టి. దేశమంతా ఒకేసారి అదే పని చేస్తోందన్న ధైర్యం వచ్చింది కాబట్టి. ఆ కబురు తెచ్చినవి పత్రికలు, దాన్ని పల్లెకి చేర్చినవాళ్లు చదువులు మానేసిన కుర్రాళ్లు.

మావయ్య: అయితే మందస సంగతి తేల్చు. 1940 ఏప్రిల్ 1, గుడారి రాజమణిపురం. అడవిలో కట్టెలు కొట్టుకునే హక్కు కోసం రైతులు మందస జమీందారుతో తగువు పడ్డారు. నాయకుల్ని అరెస్టు చెయ్యడానికి పోలీసులొచ్చారు. సాసుమాన గున్నమ్మ అడ్డుపడింది. కాల్పుల్లో ఆమె పోయింది, ఆమెతో పాటు మరికొందరు పోయారు. ఆమె ఏ కాలేజీలో చదివిందమ్మా? ఏ సంపాదకీయం చూసి పోలీసుకి ఎదురెళ్లింది? పొయ్యిలోకి కట్టె కావాలి, తన ఊరి మనిషిని పట్టుకుపోతుంటే చూస్తూ ఊరుకోకూడదు. ఆమెకి తెలిసింది అంతే. ఆమె పేరు నీ ప్రసంగంలో నాలుగో పేజీలో ఉంది. మొదటి పేజీలో ఎడిటర్లున్నారు.

మేనకోడలు: గున్నమ్మ ధైర్యాన్ని ఎవరి ఖాతాలోనూ వెయ్యను. అది ఆమెదే. ఆ రోజుకి ముందు ఈ నేల మీద ఏం జరిగిందో మాత్రం చెప్పనివ్వండి. 1937లో రైతు రక్షణ యాత్ర ఎక్కడ మొదలైంది? మన ఇచ్ఛాపురంలో. అక్కణ్ణించి మద్రాసు దాకా ఊళ్లమ్మటా నడిచారు, పదిహేను వందల మైళ్లని లెక్క. రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారు నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం పెట్టి యువకులకి పాఠాలు చెప్పారు. జమీందారీ ఎలా పుట్టింది, శిస్తు ఎలా కడతారు, సంఘం ఎలా కట్టాలి అని. 1940 మార్చి చివర్లో, అంటే కాల్పులకి కొద్ది రోజుల ముందు, అఖిల భారత కిసాన్ సభ మన పలాసలోనే జరిగింది. అధ్యక్షుడిగా ఎన్నుకున్న రాహుల్ సాంకృత్యాయన్ అప్పటికే జైల్లో ఉన్నారు. ఇవన్నీ జరిగిన నేల మీద కట్టె తగువు వచ్చింది కాబట్టి అది హక్కుల పోరాటమైంది. అవి లేకపోతే జమీందారు కచేరీ రికార్డులో అదొక కట్టెల దొంగతనం కేసు. గున్నమ్మ దొంగల తరఫున పోలీసులకి అడ్డుపడిన ఆడమనిషిగా మిగిలిపోయేది. మీరూ నేనూ ఈరోజు వీరగున్నమ్మ అంటున్నామంటే, ఆమె చేసినదాన్ని ఆ పేరుతో రాసి, పాడి, సభల్లో చెప్పినవాళ్లు ఉన్నారు కాబట్టి.

మావయ్య: ఈ మాటలో బలముంది. పత్రిక ధైర్యం పుట్టించదు గానీ, పుట్టిన ధైర్యానికి సాక్ష్యం చెప్తుంది అంటావు.

మేనకోడలు: సాక్ష్యంతో పాటు పక్క ఊరి ధైర్యాన్ని ఈ ఊరికి చేరేస్తుంది అంటాను.

మావయ్య: అలాగే ఉండనీ. కానీ నీ విద్యార్థులు, పత్రికలు ఎప్పుడూ ఒక్క మాట మీద లేరు. 1942 చూడు. ఒక పక్క కాలేజీలు బందు, రైలు పట్టాలు పీకడం, టెలిగ్రాఫ్ తీగలు తెంపడం. తెనాలిలో ఆగస్టు 12న కాల్పుల్లో ఏడుగురు పోయారు. ఇంకో పక్క స్టూడెంట్స్ ఫెడరేషన్ వాళ్లు ఇది ఫాసిజం మీద ప్రజాయుద్ధం, ఇప్పుడు క్విట్ ఇండియా తగదన్నారు. ఆ ఏడే "ప్రజాశక్తి" వచ్చింది. ఒకే హాస్టల్లో ఒకడు జైలుకి పోతుంటే ఇంకొకడు వద్దంటున్నాడు. వాళ్ల మీద నమ్మకం పెట్టుకున్న పల్లె ఏమైపోవాలి?

మేనకోడలు: తేడా వచ్చింది, నిజమే. అది చాలామందిని గాయపరిచింది కూడా. అయినా చాటుగా గూడుపుఠాణీ చెయ్యకుండా పేపర్లో అచ్చేసుకుని వాదించుకున్నారు. చదివినవాడు, విన్నవాడు తానే తేల్చుకున్నాడు. స్వతంత్ర దేశంలో జనం ఎలా ఆలోచించాలో దానికి అది రిహార్సలు. ఒకే గొంతు, ఒకే పేపరు ఉన్న చోట స్వాతంత్ర్యం వచ్చినా నిలవదు.

మావయ్య: ఆ మాట అందంగా ఉంది. రుజువు?

మేనకోడలు: రుజువు తుపాకీ పట్టినవాళ్లే ఇచ్చారు. 1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకాలో మొదట ఎక్కడికి పోయింది? యూనివర్సిటీ హాస్టళ్ల మీదికి పోయింది, మర్నాడు "ఇత్తెఫాక్" పత్రిక ఆఫీసు తగలబెట్టింది. ఒక జాతిని లొంగదీయాలంటే ముందు ఎవరిని పడగొట్టాలో వాళ్లకి తెలుసు. అంత దూరం ఎందుకు, మన హైదరాబాదులో 1938లో వందేమాతరం పాడారని ఉస్మానియా విద్యార్థుల్ని వెళ్లగొట్టారు. వాళ్లు నాగపూర్ పోయి చదువుకోవాల్సి వచ్చింది. అందులో పి.వి. నరసింహారావు గారొకరు. పదేళ్లకి, 1948 ఆగస్టులో, హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలవాలని రాసినందుకు "ఇమ్రోజ్" సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని నడివీధిలో చంపారు. చంపినవాడు చదువు రాని జనాన్ని చూసి ఊరుకున్నాడు, రాసేవాణ్ణి చూసి భయపడ్డాడు.

మావయ్య: ఊరుకోలేదమ్మా. 1971లో బంగ్లాదేశ్‌లో చచ్చినవాళ్లలో ఎక్కువమంది పల్లెల వాళ్లే. నిజాం రాజ్యంలో రజాకార్ల చేతిలో పోయినవాళ్లూ పల్లెల వాళ్లే. వాళ్ల పేర్లు పత్రికలకి తెలీదు, అంతే. సంపాదకుడు పోతే పేరు మిగులుతుంది. కూలివాడు పోతే అంకె మిగులుతుంది. ఇది నా అసలు తగువు. ఎంత సేపు చెప్పినా దీన్ని మాత్రం వదులుకోను.

మేనకోడలు: వదులుకోవద్దు. ఈ మాటకి నేనేమీ ఎదురు చెప్పలేను.

మావయ్య: అయితే ఇంకొక్క మెట్టు దిగు. మన పక్క మండలం సంతబొమ్మాళి. 2011 ఫిబ్రవరిలో అక్కడ కాకరాపల్లి థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద కాల్పులు జరిగాయి. అంతకు ముందేడు జులైలో సోంపేటలో అలాగే. బీల, తంపర అనే చిత్తడి భూములు పోతాయని గొడవ. కాల్పులు జరిగిన నాడు కెమెరాలొచ్చాయి, విద్యార్థి సంఘాలొచ్చాయి, నినాదాలొచ్చాయి. తర్వాత? కేసులు మిగిలినవాళ్లు ఏళ్ల తరబడి వాయిదాలకి తిరిగారు. ఛార్జీలు పెట్టుకుని, కూలి మానుకుని కోర్టు వరండాల్లో కూర్చున్నారు. ఆ వాయిదాల రోజున ఎన్ని కెమెరాలొచ్చాయి? ఉద్యమం కాల్పుల రోజు ఒక్కటే కాదు. ఉద్యమమంటే ఆ తర్వాత నడిచే వెయ్యి వాయిదాలు కూడా. పత్రిక, విద్యార్థి సంఘం ఆ వెయ్యి రోజులూ ఉంటే నేను నీ మొదటి వాక్యం ఒప్పుకుంటాను.

మేనకోడలు: హరిసర్వోత్తమరావు గారు ఆ మూడేళ్లూ ఉన్నారు. గరిమెళ్ల రెండోసారి పాడడానికి ఉన్నారు. లచ్చన్నగారు జీవితమంతా ఉన్నారు. మీరు అడిగే కొలత వాళ్లకి సరిపోతుంది మావయ్యా. ఆ కొలత ఇవాళ్టి మా తరానికి పెడితే చాలామందిమి తప్పుతాం. అది మా లోటు, వాళ్లది కాదు.

మావయ్య: అదే చెప్పు పిల్లలకి. స్వాతంత్ర్యం ఎవరు తెచ్చారో పంచిపెట్టకు. ఎవరు ఎంత కాలం నిలబడ్డారో చెప్పు. గున్నమ్మతో మొదలుపెట్టు, తర్వాత గరిమెళ్ల, తర్వాత గాడిచర్ల. ఆ వరసలో.

మేనకోడలు: కొలత మీదే తీసుకుంటాను. వరస మాత్రం నాదే. 1907లో రాజమండ్రిలో మొదలైన మాట, నరసన్నపేట పాటలో కలిసి, ఇచ్ఛాపురం యాత్రలో నడిచి, 1940లో మందస చేరింది. ఏ మాట ఎవరి దగ్గర్నించి ఎవరికి వచ్చిందో తెలిస్తేనే పిల్లలు తమ చేతిలో ఉన్న ఫోన్ని, తమ సంఘాన్ని దేనికి వాడాలో ఆలోచిస్తారు. వినేవాళ్లని వదిలేసిన పత్రిక వ్యాపారం, పల్లెని వదిలేసిన విద్యార్థి సంఘం పదవికి నిచ్చెన అని కూడా చెప్తాను. మందస చివర చెప్తే తక్కువ చేసినట్టు కాదు మావయ్యా. అంతకు ముందు రాసిన ప్రతి అక్షరానికీ, చేసిన ప్రతి సమ్మెకీ అక్కడే పరీక్ష జరిగింది.